వలసలు, విదేశీయుల బిల్లు: సభ చర్చించిందెంత, వదిలేసిందెంత?

కృష్ణాతీరం (ప్రశ్న):
2025 మార్చి 27న లోక్‌సభ ఆమోదించిన వలసలు, విదేశీయుల బిల్లుపై జరిగిన చర్చను ఇటీవల తీరికగా విన్నాను. 1920, 1939, 1946, 2000 సంవత్సరాల నాటి నాలుగు చట్టాలను తొలగించి ఒకే చట్టం తేవడం సబబుగానే తోచింది. "దేశం ధర్మసత్రం కాదు" అన్న హోంమంత్రి అమిత్ షా మాట అందరి నోళ్లలో నానింది. బిల్లును సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపాలన్న ప్రతిపక్షాల కోరిక మాత్రం నెరవేరలేదు. అక్రమంగా ఉంటూ పట్టుబడినవారిని ఏ దేశానికి, ఏ పద్ధతిలో తిప్పిపంపుతారన్న సంగతి మీద సభ ఎక్కువసేపు నిలవలేదని నాకనిపించింది. పైగా, తాను విదేశీయుణ్ని కాదని నిరూపించుకోవలసిన భారం ఆ వ్యక్తి మీదే మోపడం న్యాయమేనా? తెలిసినవారు చెప్పగలరు.

గౌతమిపాయ:
నిరూపణ భారం కొత్త చట్టం తెచ్చిపెట్టినది కాదండీ, 1946 చట్టంలోనూ అదే ఉంది. అస్సాం కోసం 1983లో చేసిన ప్రత్యేక చట్టం ఆ భారాన్ని ఆరోపించినవారి మీదికి మార్చగా, 2005లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అయితే అదే న్యాయస్థానం 2024 జులైలో, ఏ ఆధారమూ లేకుండా ఎవరో ఒకరిని పట్టుకుని పౌరసత్వం నిరూపించుకోమనడం కుదరదనీ, పేరు అక్షరాలలోనో వయసులోనో స్వల్ప తేడాలున్నంత మాత్రాన కాగితాలను పక్కన పడేయరాదనీ తేల్చింది. (ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, మరో కాగితంలో పొడి అక్షరంగా ఉండే మన తెలుగువాళ్లకు ఈ తీర్పు విలువ వేరే చెప్పనక్కరలేదు.) నా అభ్యంతరం మరొకటి. దేశంలోకి రానివ్వాలా వద్దా అన్నదానిపై ఇమ్మిగ్రేషన్ అధికారి నిర్ణయమే తుది అని రాసి, అప్పీలుకు చట్టంలో వేదిక ఏదీ చూపలేదు. హైకోర్టుకు వెళ్లవచ్చు, నిజమే; కానీ విమానాశ్రయంలో నిలబెట్టినవాడికి అది అందేదెప్పుడు? ఈ ఒక్క నిబంధన కోసమైనా బిల్లును సంఘానికి పంపి ఉండవలసింది.

ఓరుగల్లు వాసి:
తిప్పిపంపడం ఒక్క దేశం చేతిలో పని కాదు. అవతలి దేశం వీరు మావారేనని ఒప్పుకోవాలి. అస్సాంలోని మాటియా నిర్బంధ శిబిరంలో, విదేశీయులుగా తేల్చిన 63 మందిని వారి స్వదేశపు చిరునామాలు తెలియవన్న సాకుతో ఉంచేయడాన్ని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గట్టిగా నిలదీసింది. చిరునామా తెలియకపోతే ఆ దేశ రాజధానికి పంపవచ్చు కదా అని అడిగింది. అదే వారం, ఫిబ్రవరి 5న, అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించింది. అక్రమంగా ఉంటున్నట్టు తేలిన తమ పౌరులను వెనక్కి తీసుకోవడం అన్ని దేశాల బాధ్యత అని మర్నాడు విదేశాంగమంత్రి జైశంకర్ రాజ్యసభలో చెప్పారు. ఆ బాధ్యతకు మన పొరుగు దేశాలను ఒప్పించే ఏర్పాటేమిటన్నదే మార్చి చర్చలో మొదట అడగవలసిన ప్రశ్న. పాస్‌పోర్టు, వీసా లేకుండా వచ్చినవారికి అయిదేళ్ల వరకు జైలంటే, పంపేయదలచిన మనిషిని ముందు మనమే కూర్చోబెట్టి పోషించడం కూడాను.

తుంగభద్ర:
పై ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. ఈ చట్టంలో శరణార్థికి నిర్వచనం లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకమూ చేయలేదు. అందుచేత ఎవరిని మినహాయించాలన్న నిర్ణయం సభ గడప దాటి నోటిఫికేషన్లలోకి పోతోంది. చట్టం 2025 సెప్టెంబరు 1న అమలులోకి రాగానే, 2015 జనవరి 9 నాటికి వచ్చి ఇక్కడ నమోదైన శ్రీలంక తమిళ శరణార్థులను శిక్షల నుంచి మినహాయించింది హోంశాఖ ఉత్తర్వే. ఆ మినహాయింపు సబబే. కాని ఎవరికివ్వాలో, ఎవరికి కూడదో సభ్యులు వాదించుకుని, ఓటు వేసి తేల్చవలసిన విషయమది.