టీచర్ ముందే ఒక అంచనాకు వచ్చేస్తే పిల్లల చదువు ఏమవుతుంది? మీ అనుభవాలు చెప్పండి

కూకట్‌పల్లి అమ్మ:
మా బాబు ఏడో తరగతి. జూన్‌లో బడి తెరవగానే ఒక పరీక్ష పెట్టి, మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టారు. వాడికి ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్ రాలేదు. దానికి నేను బాధపడలేదు. పక్క ఫ్లాట్ అమ్మాయి ఫౌండేషన్ సెక్షన్‌లో ఉంది. రెండు సెక్షన్లకూ లెక్కలు చెప్పేది ఒకే సారు. మొన్న ఇద్దరి నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి చూశాను. 2/3కి 1/4 కలిపి ఇద్దరూ 3/7 అని రాశారు. అమ్మాయి పుస్తకంలో ఎర్ర ఇంకుతో ‘హారాలు వేరు, ముందు క.సా.గు. తియ్యి’ అని రాసి, కిందే మళ్లీ చేయించారు. మావాడి పుస్తకంలో ఒక అడ్డగీత, సంతకం. అంతే.

పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే, ‘మీవాడు యావరేజ్ మేడమ్, పాసైపోతాడు, టెన్షన్ పడకండి’ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచే నాకు అసలు టెన్షన్. ఇలాంటిది మీకెవరికైనా ఎదురైందా? ఏం చేశారు?

లెక్కల టీచర్ (ప్రభుత్వ హైస్కూల్):
మేడమ్, మీరు చూసిన ఆ రెండు పేజీలు మా బీఈడీలో చదువుకున్న పాఠానికి సరైన ఉదాహరణ. 1960ల్లో రాబర్ట్ రోజెంతాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లెనోర్ జేకబ్సన్ అనే ప్రిన్సిపాల్‌తో కలిసి కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ప్రయోగం చేశారు. పిల్లలందరికీ ఒక ఐక్యూ పరీక్ష పెట్టి, ‘వీళ్లు ఈ ఏడాది బాగా పుంజుకుంటారు’ అని టీచర్లకు కొన్ని పేర్లు చెప్పారు. నిజానికి ఆ పేర్లు లాటరీ పద్ధతిలో ఎంచినవి. ఏడాది చివర మళ్లీ పరీక్ష పెడితే, ఒకటి, రెండు తరగతుల్లో ఆ పేర్లున్న పిల్లల స్కోర్లు మిగతావాళ్ల కంటే ఎక్కువగా పెరిగాయి. పెద్ద తరగతుల్లో అంత తేడా కనిపించలేదు.

ఎలా జరుగుతుందంటే, ‘వస్తుంది’ అనుకున్న పిల్లలతో టీచర్ నవ్వుతూ మాట్లాడతాడు, కాస్త కష్టమైనవి కూడా చెబుతాడు, ఎక్కువసార్లు లేపి అడుగుతాడు, తప్పు ఎక్కడుందో విడమర్చి చెబుతాడు. మీవాడికి ఈ చివరిదే అందలేదు. వాడి తెలివి గురించి సారుతో వాదించకండి. ఆ అడ్డగీత పక్కన ఒక్క వాక్యం రాయమని అడగండి.

ఓయూ ఎంఈడీ:
పై సారు చెప్పింది నిజమే కానీ, ఆ ప్రయోగాన్ని మంత్రంలా చూడకూడదు. చిన్న పిల్లలకు ఆ పరీక్ష సరిగ్గా సరిపోదని 1968లోనే రాబర్ట్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గట్టిగా విమర్శించారు. తర్వాత ఇలాంటి ప్రయోగాలు చాలా జరిగాయి. వాటన్నిటినీ కలిపి 1984లో స్టీఫెన్ రాడెన్‌బుష్ అనే పరిశోధకుడు పరిశీలిస్తే ఒక విషయం తేలింది. పిల్లలతో టీచర్‌కు అప్పటికే రెండు వారాలకు మించి పరిచయం ఉంటే, బయటివాళ్లు చెప్పిన మాట పెద్దగా పనిచేయలేదు. పరిచయం లేనప్పుడే పనిచేసింది.

ఇప్పుడు మన హైదరాబాద్ బడుల్ని చూడండి. మన దగ్గర పిల్లాడి ముఖమైనా తెలియకముందే, జూన్ మొదటి వారంలోనే సెక్షన్ పేరు తగిలిస్తాం. పోయినేడాది మార్కులు, ‘వాళ్ల అన్న కూడా ఇంతే’ అన్న స్టాఫ్‌రూమ్ మాటలు కూడా ముందే చేరతాయి. సరిగ్గా ఎక్కడ హాని ఎక్కువో అక్కడే తొందరపడుతున్నాం.

దిల్‌సుఖ్‌నగర్ టీచర్:
నేను ప్రైవేటు బడిలో సైన్స్ చెబుతాను. ఒక మాట చెప్పాలి, నిష్ఠూరం అనుకోకండి. టీచర్ అంచనా చాలాసార్లు కరెక్టే అవుతుంది. ఆరో తరగతి పిల్లాడికి భాగహారం రాకపోతే, రాదని తెలుసుకుంటేనే కదా నేర్పేది! అందరికీ అన్నీ వచ్చనుకుని సిలబస్ పరుగెత్తిస్తే నష్టపోయేది ఆ పిల్లాడే. కాకపోతే ‘ఇప్పుడు రాదు’ వేరు, ‘వీడికి రాదు’ వేరు. మొదటిది పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. రెండోది పాఠాన్నే ఆపేస్తుంది.

నేను పాటించేది ఒకటుంది. మేరీ బడ్ రోవ్ అనే అమెరికా విద్యా పరిశోధకురాలు క్లాసుల్ని రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున 1 సెకను కూడా ఆగడం లేదని తేలింది. చదవరనుకున్న పిల్లల దగ్గర ఇంకా తక్కువ. 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, అసలు నోరు విప్పని పిల్లలు కూడా చెప్పడం మొదలుపెట్టారు. అందుకే నేను అడిగాక మనసులో మూడు లెక్కపెడతాను, ముందు బెంచీ చేతులు ఎంత ఊగినా సరే. యాభైమంది ఉన్న క్లాసులో, సిలబస్ తరుముతుంటే, అది ఎంత కష్టమో చెప్పలేను. అయినా వదలను.

పాత విద్యార్థి, అంబర్‌పేట:
మా కాలేజీలో మొదటి రోజు అందరినీ లేపి, ఏ ఊరు, ఏ మీడియం, నాన్న ఏం చేస్తారు అని అడిగారు. తెలుగు మీడియం అని నేను చెప్పగానే లెక్చరర్ ‘సరే, కూర్చో’ అన్నారు. ముందు చెప్పిన అబ్బాయిని మాత్రం ర్యాంకు ఎంత టార్గెట్ అని అడిగారు. ఇంటర్ రెండేళ్లూ నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగంలో ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు చిక్కుదారి పజిళ్లు ఇచ్చారు. కులం చెప్పనప్పుడు దళిత పిల్లలు, అగ్రకులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరు, ఊరు, కులం చదివాక దళిత పిల్లలు విప్పిన పజిళ్లు తగ్గిపోయాయి. పిల్లలు అవే, పజిళ్లు అవే. అది చదివాక ఆ మొదటి రోజు నాకు కొత్తగా అర్థమైంది. దయచేసి టీచర్లు ఎవరైనా చదువుతుంటే, ఆ పరిచయాల కార్యక్రమం మానేయండి. తెలుసుకోవాలంటే అప్లికేషన్ ఫారంలో ఉంటుంది.

కూకట్‌పల్లి అమ్మ:
అందరికీ థాంక్సండి. శనివారం సారును కలుస్తున్నాను. ‘వాణ్ని పై సెక్షన్‌లో వెయ్యండి’ అని అడగను. తప్పు పక్కన కారణం రాయమంటాను, వారానికి ఒకసారైనా బోర్డు దగ్గరికి పిలవమంటాను. ఇంకొకటి, ఎస్‌ఏ-1 పరీక్షల తర్వాత సెక్షన్లు మళ్లీ చూస్తారా అని ప్రిన్సిపాల్‌ను అడగాలనుంది. మీ బడుల్లో అలా మారుస్తారా?

బోడుప్పల్ నాన్న:
మా పాప బడిలో మారుస్తామంటారు గానీ, కింది సెక్షన్‌కు చెప్పిన పాఠాలే తక్కువైతే పై సెక్షన్ పేపర్ ఎలా రాస్తుంది? పోయినేడాది అదే జరిగింది. ముందు రెండు సెక్షన్ల వర్క్‌షీట్లూ ఒకటేనా కాదా కనుక్కోండి మేడమ్. వేరువేరైతే ప్రిన్సిపాల్‌తో మొదట మాట్లాడాల్సింది దాని గురించే.