డీజిల్ ఖర్చు పెరుగుతోంది, ఫండ్ తగ్గుతోంది. సిప్ ఆపేయాలా?

నమస్కారం అండీ. మాది పాతపట్నం. సొంత ట్రక్ ఆటో మీద శ్రీకాకుళానికి కూరగాయలు తోలుతుంటాను. వీలైనప్పుడల్లా పక్కనున్న పర్లాకిమిడి వెళ్లి డీజిల్ కొట్టిస్తాను, ఒడిశాలో కాస్త చవక. మన వైపు 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు ఇంకో 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. రేటు మారినప్పుడల్లా కిరాయి పెంచుదామంటే రైతులు వేరే బండి చూసుకుంటారు. వాళ్లనీ తప్పుపట్టలేను.

అసలు సంగతి ఇది. పాప చదువు కోసం మూడేళ్లుగా నెలకు 2,000 నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో (50 పెద్ద కంపెనీల షేర్లలో డబ్బు పెట్టే ఫండ్) సిప్, అంటే నెలవారీ వాయిదా, కడుతున్నాను. ఇప్పుడు పొద్దున్నే యాప్ తెరిస్తే అంతా ఎరుపే, టెన్షన్. మా ఆవిడ బంగారం కొనుంటే బాగుండేది అంటోంది. బావమరిదేమో పడినప్పుడే యూనిట్లు ఎక్కువ వస్తాయి, ఆపొద్దంటాడు. వాడికి ఒకటో తారీఖున జీతం పడుతుంది మరి!

పాప తొమ్మిదో తరగతి. డబ్బు నాలుగేళ్లలో కావాలి. సిప్ పూర్తిగా ఆపాలా, 1,000కి తగ్గించాలా? ఉన్నది కొంచెం కొంచెంగా ఎఫ్‌డీలోకి మార్చడం ఎప్పుడు మొదలుపెట్టాలి? బండి నడిపేవాళ్లు ఉంటే, కిరాయి ఎలా మాట్లాడుకుంటున్నారో కూడా చెప్పండి.