సెకండ్ హ్యాండ్ పవర్ వీడర్: ఇంజన్ చూసి కొనాలా, గేర్‌బాక్స్ చూసి కొనాలా?

చెల్క_రైతు (దేవరకొండ దిక్కు)
అన్నలకు నమస్తే. పత్తి సాళ్లల్ల, కొంత బత్తాయి తోటల తోలనీకి పాత పవర్ వీడర్ (కలుపు తీసే చిన్న యంత్రం) ఒకటి చూస్తున్న. 7 హెచ్‌పీ పెట్రోల్, 212 సీసీ, ముందుకు రెండు గేర్లు, ఒక రివర్స్. 24 వేలు చెప్తున్నడు. మా ఊరి మెకానిక్ ఇంజన్ మంచిగుంటే కండ్లు మూసుకొని తీస్కో అంటడు. ఇంకొకాయన గేర్‌బాక్సే ప్రాణం, ఇంజన్ ఎట్లున్నా ఫరక్ పడదంటడు. ఎవరి మాట పట్టుకోవాలె?

ముప్పై_పానా
రెండో ఆయన మాటే పట్టుకో తమ్మీ. ఈ రకం 212 సీసీ ఇంజన్‌కు పిస్టన్, రింగులు, కార్బొరేటర్, కాయిల్ ఏది పోయినా నల్లగొండలనో మిర్యాలగూడలనో దొరుకుతది. పూర్తిగా పోతే ఇంజన్ ఒక్కటే కొత్తది ఎక్కించుకోవచ్చు. గేర్‌బాక్స్ అట్ల కాదు, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. కంపెనీ దుకాణం ఎత్తేసిందంటే ఆ గేర్లు యాడికెళ్లి తెస్తవు?

చూసే పద్ధతి ఇది. ముందుగాల స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకు, తర్వాతనే బ్లేడ్ల మీద చెయ్యి పెట్టు. బ్లేడ్ల సెట్లు రెండు పక్కలా ఊడదీపియ్యి. షాఫ్ట్ మొదట్ల ఆయిల్ సీల్ ఉంటది. పత్తి కట్టె నార, ప్లాస్టిక్ సుత్లి, డ్రిప్ పైపు ముక్కలు అండ్లనే చుట్టుకొని సీల్‌ను కోస్తయి. సీల్ పోతే ఆయిల్ కారుడు ఒక్కటే కాదు, నీళ్లు, మట్టి లోపలికి పోయి బేరింగ్ తింటయి. షాఫ్ట్ పట్టుకొని మీదికి కిందికి గుంజు. గుండ్రంగ కొంచెం ఆడుడు ఏ గేర్‌కైనా ఉంటది. మీదికి కిందికి ఆడిందంటే మాత్రం బేరింగ్ అయిపోయినట్టే.

తర్వాత గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్ట్ వదులు చేసి అర గ్లాసు ఆయిల్ తెల్ల ప్లేట్ల పట్టు. పాల తీరు తెల్లగుంటే నీళ్లు పోయినయి. అయస్కాంతం తిప్పు. సన్నటి బూడిద రంగు పొడి అంటితే మామూలే, పెచ్చులు అంటితే గేర్ పండ్లు ఇరుగుతున్నయి. అయస్కాంతానికి అంటకుండ పచ్చగ మెరిసేవి ఉంటే లోపలి ఇత్తడి చక్రం అరుగుతున్నది. అది కనపడ్డ బండిని బేరం కూడ ఆడకు.

ఇంకొకటి, ఆయిల్ పొయ్యాల్సిన కాడ గ్రీజు కుక్కి మోత రాకుండ చేసి అమ్మేటోళ్లు ఉన్నరు. ఆయిల్ ధారగ రాకుండ ముద్దలు ముద్దలుగ వస్తే అదే సంగతి. 90 నంబర్ ఆయిల్ ఉండాలె అండ్ల.

నల్లరేగడి
పానా అన్న గేర్‌బాక్స్ గురించి చెప్పిందాంట్ల తప్పు లేదు. కానీ ఇంజన్ ఎట్లున్నా ఫరక్ పడదనే మాట ఒప్పుకోను. మన చెల్కల ఎండకాలం తోలిన బండికి మొదలు పొయ్యేది ఇంజనే. గేర్‌బాక్స్‌కు సీల్ కాపలా ఉంటది, ఇంజన్ దుమ్మును పీలుస్తది. కొత్త ఇంజన్ ఎక్కించుకోవచ్చు అంటున్నవు, ఆ ఖర్చు 24 వేల మీద కలిపితే పాత బండి ఎందుకు?

తమ్మీ, ఎయిర్ ఫిల్టర్ విప్పు. అది మురికిగుంటే భయపడకు, దుమ్ము ఆపుడే దాని పని. దాని ఎనకాల కార్బొరేటర్ మూతిలకు తెల్ల గుడ్డ చుట్టిన వేలు పెట్టి తుడువు. ఎర్ర దుమ్ము అంటిందా, ఫిల్టర్ దాటి సిలిండర్లకు పోయినట్టు. రింగులు, గోడలు గీసుకపోతయి. అండ్ల కొత్త ఫిల్టర్ పెట్టి చూపిచ్చినా ఈ గుడ్డ అబద్ధం చెప్పదు. ఆయిల్ గిన్నె ఫిల్టరయితే గిన్నెల ఆయిల్ గీత దాక ఉన్నదా, అడుగున బురద పేరుకున్నదా చూడు.

తాడు గుంజి చూస్తే కంప్రెషన్ తెలుస్తది, గట్టిగ తగిలితే ఇంజన్ మంచిది.

ముప్పై_పానా
తాడు పరీక్షతోని నమ్ముకోవద్దు. ఈ ఇంజన్లల్ల క్యామ్ మీద డీకంప్రెసర్ ఉంటది. స్టార్టింగ్ టైమ్‌ల ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగ ఎత్తి పట్టుకుంటది, అందుకే మంచి ఇంజన్ కూడ అల్కగ గుంజినట్టే అనిపిస్తది, గేజ్ పెట్టినా తక్కువ చూపిస్తది.

దానికన్న వేడి మీద స్టార్టింగ్ చూడు. ఇరవై నిమిషాలు నేలల తోలి బంద్ చేసి, ఐదు నిమిషాలకు మళ్ల గుంజు. చల్లగున్నప్పుడు ఒక్క గుంజుకే లేచి, వేడి మీద మొండికేస్తే కాయిల్ పోతున్నదో, టాపెట్ (వాల్వు దగ్గరి సందు) బిగుసుకున్నదో. టాపెట్ అయితే సెట్టింగ్‌తోనే పోతది, చల్ల ఇంజన్ మీద ఇన్‌టేక్‌కు 0.15, ఎగ్జాస్ట్‌కు 0.20 మిల్లీమీటర్లు. కాయిల్ అయితే మార్చుడే.

చెల్క_రైతు
నిన్న స్టార్ట్ చేస్తే నీలం పొగ వచ్చింది అన్నా. రెండు నిమిషాలకు ఆగింది. వదిలేయాల్నా?

నల్లరేగడి
వదిలెయ్యి.

బత్తాయి_బాట
అంత తొందరెందుకు? ముందు బండి ఎట్ల తెచ్చిండ్రో అడుగు. ఆటోల పక్కకు పండబెట్టి తెస్తే ఆయిల్ సిలిండర్లకు, ఫిల్టర్లకు జారుతది. మొదలు పొగ వచ్చి కాలినంక ఆగుతది. పది నిమిషాలు లోడ్ మీద తోలినా నీలం పొగ ఆగకుంటే అప్పుడు రింగుల సంగతి. నల్ల పొగ ఐతే ఫిల్టర్ మూసుకపోవుడో, చోక్ పూర్తిగ తెరుచుకోకపోవుడో, అది చిన్న పని.

ఇంజన్ ఆయిల్ లెవెల్ చూడుమరి. బండిని సమంగ నిలబెట్టి, డిప్ స్టిక్ మర తిప్పకుండ ఊరికె ఆనిచ్చి చూడాలె. 0.6 లీటర్లు పట్టే ఇంజన్. మూతి దాటి పొంగుతుంటే, పెట్రోల్ వాసన కొడుతుంటే, కార్బొరేటర్ నీడిల్ కారి పెట్రోల్ ఆయిల్ల కలుస్తున్నది. ఆ ఆయిల్‌తోని లోడ్ పెట్టొద్దు.

ఇంకా తీగలు చూడు. ఇంజన్ కింద నుంచి పసుపు రంగు తీగ ఒకటి వస్తది, ఆయిల్ తక్కువైతే బంద్ చేసేది. దాన్ని పీకేసి టేపు చుట్టిండ్రంటే ఊరికె పీకలేదు. ఇంజన్ స్పీడును అదుపుల పెట్టే గవర్నర్ స్ప్రింగ్ గుంజి సాగదీసిండ్రా కూడ చూడు. నిమిషానికి 3600 చుట్లు దాటి ఉరికిచ్చిన ఇంజన్‌కు కనెక్టింగ్ రాడ్ ఇరిగే భయం.

బెల్ట్ బండయితే పుల్లీ గాడి అడుగు మెరుస్తున్నదా చూడు. బెల్ట్ పక్కలతోని పట్టాలె, అడుగుకు తగులుతున్నదంటే గాడి అరిగిపోయింది. అట్లాంటిదానికి కొత్త బెల్ట్ ఏసినా జారుతది.

నల్లరేగడి
అది సరే గాని, ఇరవై నిమిషాలు యాడ తోలాలె? అమ్మేటోళ్లు దున్నిన మెత్తటి చేన్ల చూపిస్తరు, అండ్ల ఏ బండైనా పరుగెత్తుతది. దున్నని గట్టు పక్కన, లోతు కడ్డీ దించి, మొదటి గేర్ల నూకు. లోడ్ పడంగనే గేర్ ఎగిరి న్యూట్రల్‌ల పడితే లోపల గేర్‌ను పట్టి ఉంచే పండ్లు (డాగ్స్) అరిగినయి. ఈడ పానా అన్న గెలిచిండు అనుకో.

రివర్స్ కూడ చూడాలె. రివర్స్ లివర్ వదిలిపెట్టంగనే అది తనంతట తాను పాత జాగలకు వచ్చి బండి ఆగాలె, వైర్ కట్టి పట్టిచ్చిన బండి కాళ్ల మీదికి వస్తది.

బత్తాయి_బాట
కాగితం ముచ్చట ఎవరూ అనలే. దీనికి ట్రాక్టర్ లెక్క ఆర్సీ ఉండదు, దుకాణం బిల్లే సాక్ష్యం. బిల్లు మీది ఇంజన్ నంబర్, బ్లాక్ మీద కొట్టిన నంబర్ కలవాలె. సబ్సిడీ కింద తీసుకున్న బండయితే బిల్లు ఎవరి పేరు మీదున్నదో, అమ్మనీకి షరతులున్నయా అని మండల వ్యవసాయ ఆఫీసుల అడిగి తీస్కో. బత్తాయి తోటల తోలేటప్పుడు కడ్డీ మీదికి పెట్టు, దాని సన్న ఏర్లు పైపైనే ఉంటయి.

ముప్పై_పానా
ధర సంగతి కొస్తే, బ్లేడ్లు, బెల్ట్, ప్లగ్, ఇంజన్‌ది, గేర్‌బాక్స్‌ది రెండు ఆయిళ్లు ఎట్లాగూ మార్చేటివే. వాటి ధర దుకాణంల అడిగి 24 వేలల్ల కెళ్లి తీసెయ్యి. బ్లేడ్ బోల్ట్ బెజ్జాలు కోడిగుడ్డు తీరు సాగినయంటే ఇంకా తగ్గించు. మిరుగం (మృగశిర కార్తె) ముంగట అమ్మేటోడు దిగడు, పత్తి ఏరుడు అయిపోయినంక సంక్రాంతి దాటితే దిగుతడు. ఇప్పుడే కావాల్నంటే బ్లేడ్లు విప్పి సీల్, ఆయిల్ తీసి చూడనియ్యని బండి మాత్రం తేకు.

చెల్క_రైతు
ఆయిల్ తియ్యనీకి ఒప్పుకున్నడు. ఆదివారం తెల్ల ప్లేట్, అయస్కాంతం పట్టుకొని పోతున్న. ఫోటోలు పెడుతా.