స్టెంట్ వేసే ముందు ఐవస్ క్యాథెటర్ వాడతామంటున్నారు, ఒప్పుకోవాలా?

ఒంగోలు అబ్బాయి:
నాన్నకి 67 ఏళ్లు. షుగర్ ఎప్పటి నుంచో ఉంది, క్రియాటినిన్ 1.6. మొన్న మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ చేశారు. ఎల్ఏడీ అనే గుండె ముందువైపు పెద్ద రక్తనాళం మొదట్లోనే 80 శాతం పూడిక, సరిగ్గా అక్కడే ఒక పెద్ద కొమ్మ చీలుతోందట. గురువారం స్టెంట్ వేస్తామన్నారు. దాంతోపాటు ఐవస్ అని ఇంకో క్యాథెటర్ లోపలికి పంపి చూస్తామని, స్టెంట్ ఖర్చు కాక దానికి విడిగా బిల్లు పడుతుందని చెప్పారు. ఇప్పటికే ఒక గొట్టం పంపి ఫొటోలు తీశారు, సీడీ మా చేతిలోనే ఉంది. మళ్లీ ఇంకోటి ఎందుకు? బిల్లు పెంచడానికే అని మా బావ అంటున్నాడు. అమ్మకి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చీరాల మాస్టారు:
మా అన్నయ్యకి 2016లో స్టెంట్ వేశారు బాబూ. అప్పుడు ఇలాంటిదేమీ అడగలేదు, ఇప్పటికీ శుభ్రంగా తిరుగుతున్నాడు. సీడీ ఇంకో డాక్టరుగారికి చూపించి నిర్ణయం తీసుకోండి.

క్యాత్‌ల్యాబ్ అక్క:
తమ్ముడూ, నేను క్యాత్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాదు కాబట్టి నాన్నగారికి ఏం చేయించాలో నేను చెప్పకూడదు. కానీ ఆ రెండు గొట్టాలూ రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి, తేడా చెప్తాను.

మొన్న వాడింది యాంజియో క్యాథెటర్. మణికట్టు నుంచి చేస్తే చాలాచోట్ల టైగర్ అనే రకం, 5 ఫ్రెంచ్ సైజు వాడతారు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు, అంటే మందం 1.7 మిల్లీమీటర్లకి కాస్త తక్కువే. గుండె నాళం మొదట్లో సరిగ్గా కూర్చునేలా కొన దగ్గర వంపు తయారీలోనే పెట్టి పంపుతారు. తొడ నుంచి చేసేటప్పుడు ఎడమ నాళానికొకటి, కుడి నాళానికొకటి మారుస్తాం. ఆ వంపులు 1960ల్లో మెల్విన్ జడ్కిన్స్ అనే డాక్టరు రూపొందించినవి, ఇప్పటికీ ఆయన పేరుతోనే అడుగుతారు. ఏ రకమైనా ఆ గొట్టం పని డై, అంటే ఎక్స్‌రేలో కనిపించే మందు, వదలడమే. ఫొటో తీసేది బయట ఉన్న ఎక్స్‌రే. అందుకే మీ సీడీలో రక్తం పారే దారి మాత్రమే కనిపిస్తుంది. కాలువలో నీళ్ల వెడల్పు తెలుస్తుంది గానీ గట్టు లోపల ఏముందో తెలియదు కదా, అలా.

ఐవస్‌లో అల్ట్రాసౌండ్ స్కానర్ క్యాథెటర్ కొనలోనే ఉంటుంది. దాన్ని సన్నటి వైరు మీదుగా పూడిక దాటించి, మెల్లగా వెనక్కి లాగుతాం. మోటారుకి తగిలిస్తే సెకనుకి అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో కదులుతుంది. లాగుతున్నంతసేపూ నాళం అడ్డంగా కోసినట్టు తెర మీద గుండ్రంగా కనిపిస్తుంది. కాల్షియం ఉన్నచోట తెల్లగా మెరిసి, దాని వెనకాల నల్లటి నీడ పడుతుంది. ఆ తెలుపు చుట్టూ తిరిగి వచ్చిందంటే డాక్టరుగారు స్టెంట్ పక్కన పెట్టి, ముందు కాల్షియం పగలగొట్టే సంగతి చూస్తారు. లేకపోతే స్టెంట్ పూర్తిగా విచ్చుకోదు, అలాంటి దాంట్లో మళ్లీ పూడుకుపోయే ప్రమాదం, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. నాళం అసలు వెడల్పు కూడా ఇక్కడే కొలుస్తాం. యాంజియోలో 3 అనుకున్నది ఐవస్‌లో 3.5 అని తేలడం మాకు మామూలే. స్టెంట్ వేశాక అదే క్యాథెటర్ మళ్లీ పంపి, గోడకి ఆనుకుందా, అంచుల్లో చీలిక పడిందా చూస్తాం. నన్నడిగితే ఈ రెండో చూపు చాలా విలువైనది.

అందరికీ అవసరమా అంటే, కాదు. పొట్టిగా, తిన్నగా ఉండే పూడికకి ఇది లేకుండానే బాగా వేస్తున్నారు, మాస్టారి అన్నయ్యగారికి వేసినట్టే. మీ నాన్నగారిది కొమ్మ చీలే చోట. 2023లో కొరియాలో ఇలాంటి క్లిష్టమైన పూడికలున్న 1,639 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. లోపలి నుంచి చూస్తూ వేసినవాళ్లలో గుండె జబ్బుతో మరణం, ఆ నాళం వల్ల గుండెపోటు, దానికే మళ్లీ చికిత్స, ఇవన్నీ కలిపి మూడేళ్ల లెక్కలో 7.7 శాతం. యాంజియో ఒక్కటే చూసి వేసినవాళ్లలో 12.3 శాతం. కొమ్మల దగ్గర, లెఫ్ట్ మెయిన్ అనే ఎడమ నాళం మొదటి భాగంలో, పొడవాటి పూడికల్లో ఇలా చూసే వేయాలని 2024 యూరప్ గైడ్‌లైన్స్ గట్టిగా చెప్పాయి.

క్రియాటినిన్ సంగతి కూడా ఉంది, అది ఎక్కువుంటే కిడ్నీలకి డై భారమవుతుంది. ఓసీటీ అని కాంతితో చూసే క్యాథెటర్ ఇంకోటి ఉంది, బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది, కానీ రక్తాన్ని తోసేయడానికి మామూలుగా మళ్లీ డై కొట్టాలి. ఐవస్‌కి అక్కర్లేదు. రిస్క్ అసలే లేదనను: నాళం బిగుసుకోవడం, అరుదుగా చీలడం జరగొచ్చు.

ఖర్చు విషయంలో మీ బావగారి అనుమానాన్ని నేను తప్పుపట్టను. 2017లో కేంద్రం ధరకి పరిమితి పెట్టింది స్టెంట్లకి, ఈ క్యాథెటర్‌కి బిల్లు వేరే. అందుకే రేటు ఈరోజే కాగితం మీద రాయించుకోండి. కేసు మధ్యలో ఇంట్లోవాళ్లని తలుపు దగ్గర నిలబెట్టి రెండు నిమిషాల్లో సంతకం అడిగితే వాళ్ల ముఖాలు చూడలేం. కొత్త ప్యాకేనా అని కూడా అడగండి. ప్యాక్ మీద 2 అంకె కొట్టేసిన గుర్తు ఉంటుంది, మళ్లీ వాడకూడదని అర్థం. లాట్ నంబరు స్టిక్కరు కేస్‌షీట్‌లో అంటించమనండి. ఆరోగ్యశ్రీ అయితే ఆరోగ్యమిత్రని, ఇన్సూరెన్స్ అయితే టీపీఏ డెస్క్‌ని ముందే కలవండి.

ఒంగోలు అబ్బాయి:
చాలా థ్యాంక్స్ అక్కా. ఇందాకే డాక్టరుగారిని అడిగాను, కొమ్మ దగ్గర కాల్షియం ఉందని అనుమానమట, ఐవస్ అందుకేనన్నారు. సరేనన్నాం. లోపల తిప్పుతుంటే నాన్నకి నొప్పి ఉంటుందా?

క్యాత్‌ల్యాబ్ అక్క:
క్యాథెటర్ కదులుతున్నట్టు తెలియదు తమ్ముడూ. మణికట్టు దగ్గర ఇంజెక్షన్ మాత్రం చురుక్కుమంటుంది. ఛాతీలో కాస్త పట్టేసినట్టుంటే వెంటనే చెప్పమనండి, మేం పక్కనే ఉంటాం. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆపాలా, ఎప్పుడు ఆపాలో రేపే అడగండి. రక్తం పలచబడే మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానొద్దు.