ట్యూబ్ ట్రస్సులో వెల్డు లావుగా వేస్తే జాయింటు బలపడుతుందా?

గోడౌన్‌వాలా: మా గోడౌన్ ట్రస్సులో కింది కార్డు, అంటే అడుగున పొడవునా వెళ్లే ట్యూబు, 100×100 ఎంఎం చదరం, గోడ మందం 4 ఎంఎం. దాని మీద నిలువుగా 50×50×3 ట్యూబు. డిజైన్ ప్రకారం ఆ నిలువులో లాగుడు 50 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 5 టన్నులు. ఇంజనీరు కార్డు గోడ మందం 6 ఎంఎం చేయమంటున్నారు. ఫ్యాబ్రికేటర్ మాత్రం దండగ, చుట్టూ రెండు పాస్‌లు వెల్డు వేస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గ్రైండర్: నేనూ ఫ్యాబ్రికేషన్ మనిషినే. 20 ఏళ్లలో నేను చూసిన ప్రతి ఫెయిల్యూరూ వెల్డు దొంగతనమే. మూలల్లో నాలుగు టాకాలు వేసి, పుట్టీ కొట్టి, పెయింటు పూసేస్తారు. చుట్టూ నిండుగా తిప్పితే ట్యూబు తెగాలి గానీ జాయింటు కదలదు. మీటరుకి 5 కిలోల ఇనుము ఎందుకు పెంచడం?

బీటా: అన్నా, మీ వెల్డు ఊడదని ఒప్పుకుంటాను. కానీ ఆ వెల్డు దేన్ని పట్టుకుని ఉంది? 4 ఎంఎం రేకుని. ఖాళీ నూనె డబ్బా మొహం మీద మధ్యలో నొక్కండి, లోపలికి పోతుంది. అంచు దగ్గర నొక్కండి, కదలదు. 100 వెడల్పు కార్డు మీద మధ్యలో 50 నిలువు కూర్చుంటే జరిగేది ఇదే. స్టీలు డిజైన్‌కి యూరప్ వాడే యూరోకోడ్ 3 సూత్రంలో, యీల్డు (స్టీలు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 310 మెగాపాస్కల్స్ అనుకుని లెక్క వేస్తే నిలువు ట్యూబు సొంత బలం దాదాపు 168 కిలోన్యూటన్లు, కార్డు మొహం మాత్రం 38 దగ్గరే లొంగిపోతుంది. మీకు కావలసింది 50. వెల్డు ఎంత లావు చేసినా ఆ 38 మారదు, ఎందుకంటే ఆ లెక్కలో వెల్డు సైజే లేదు, గోడ మందం ఉంది, అదీ వర్గంలో. పైగా నిలువు ట్యూబులో కార్డుకి అడ్డంగా ఉండే గోడ 50 ఎంఎంలో సరిగా లోడు మోసేది మూలల దగ్గరి 27 వరకే, మధ్యలో కార్డు రేకు మెత్తగా వంగిపోతుంది కాబట్టి అక్కడి వెల్డు మీద బరువు పెద్దగా పడదు. మా దగ్గర లాగి చూసిన ఒక శాంపిల్‌లో వెల్డుకి గీత కూడా పడలేదు, కార్డు మొహం మాత్రం పూరీలా పైకి పొంగింది.

గ్రైండర్: పొంగడం నేనూ చూశాను తమ్ముడూ, ట్యూబు మాలు మంచిది కాదనుకున్నాను. సరే, కార్డు అంతా మార్చకుండా దారి లేదా?

బీటా: ఉంది. కార్డు గోడ 6 చేస్తే ఆ 38 కాస్తా 85 దాకా వస్తుంది. కార్డు 4లోనే ఉంచి నిలువుని 80×80 చేసినా దాదాపు అంతే, 84. నిలువులు పొట్టివి కాబట్టి ఇనుము తక్కువ పెరుగుతుంది. ఏ దారి పట్టినా నిలువు చుట్టూ నిండు వెల్డు మాత్రం తప్పదు, ఆ విషయంలో మీరు నూటికి నూరు శాతం కరెక్టు.

క్రేన్‌బే: లోపల క్రేను తిరిగే షెడ్డయితే లోడు మళ్లీ మళ్లీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, అక్కడ వెల్డు నాణ్యతని చిన్నగా చూడకండి. 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీల్లాండ్ అనే తేలే చమురు ప్లాట్‌ఫామ్ తలకిందులై 123 మంది పోయారు. ట్యూబు బ్రేస్‌కి ఒక పరికరం బిగించడానికి వేసిన 6 ఎంఎం ఫిల్లెట్ వెల్డు (రెండు ముక్కలు కలిసే మూలలో వేసే వెల్డు) దగ్గరే పగులు మొదలై, అలల తాకిడికి పెరుగుతూ పోయి బ్రేస్ తెగిపోయింది.

గోడౌన్‌వాలా: మాది క్రేన్ లేని షెడ్డు. నిలువులు 80కి మార్చి, మిగతా జాయింట్లు కూడా చెక్ చేసి డ్రాయింగ్ పంపమని ఇంజనీరు గారిని అడిగాను. టాకాల మీద పుట్టీ కొట్టకముందే నేను షాపుకి వెళ్తాను.