నీళ్లు మానేస్తే క్రమశిక్షణ, మాత్ర వేస్తే డోపింగా?

తణుకు కుర్రోడు:
మా తమ్ముడు బాక్సింగ్ ఆడతాడండి. 17 ఏళ్లు, మామూలుగా 55 కిలోలు ఉంటాడు. వచ్చే నెల పోటీకి 50 కిలోల విభాగంలో దించుతామంటున్నారు కోచ్ గారు. వారం నుంచి అన్నం లేదు. రెండు ఉడకబెట్టిన గుడ్లు, కీరా ముక్కలు, అంతే. సాయంత్రం రెయిన్‌కోటు వేసుకుని కాలవగట్టు మీద పరుగు. చూయింగ్ గమ్ నవిలి నోట్లో ఊరిన నీళ్లు కూడా ఉమ్మేస్తున్నాడు. అమ్మ ఏడిస్తే "ఇది క్రమశిక్షణమ్మా" అన్నారాయన. సరే అనుకున్నాం.

నిన్న వాడి బ్యాగులో మాత్రల స్ట్రిప్ దొరికింది. ఒంట్లో నీరు లాగేస్తుందని ఎవరో సీనియర్ ఇచ్చాడట. కోచ్ గారికి చెప్తే "అది డోపింగ్, కెరీర్ పోతుంది" అని వాడిని చెడామడా తిట్టారు. రెండు విధాలా పోయేది ఆ నీరే కదండీ. ఒకటి క్రమశిక్షణ, ఇంకోటి నేరం ఎలా అయ్యాయి?

మందుల షాపు నైట్ డ్యూటీ (రావులపాలెం):
స్ట్రిప్ మీద ఫ్యూరోసెమైడ్ అని ఉందేమో చూడండి. గుండె జబ్బున్నవాళ్లకి, కాళ్ల వాపులకి రాసే మందు. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధ జాబితాలో ఉంది, పోటీ రోజునే కాదు, ఏడాది పొడుగునా. బరువు దొంగతనంగా దించుతుంది, పైగా మూత్రం పలచబడి అందులోని స్టెరాయిడ్ పరీక్షకి అందకుండా పోవచ్చు. అందుకే నిషేధం. నీటితో పాటు పొటాషియం కూడా లాగేస్తుంది. అది బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. తూకం అయ్యాక నీరసంగా ఉందని ఆర్‌ఎంపీ దగ్గరకెళ్లి సెలైన్ ఎక్కించుకోవడం మన ఊళ్లలో మామూలే. ఆస్పత్రిలో నిజంగా వైద్యం జరుగుతుంటే తప్ప, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి నరానికి ఎక్కిస్తే అదీ డోపింగే. మన బాటిల్ ఎంత? 500.

పాత గ్లోవ్స్ (కాకినాడ):
మాత్ర తప్పే, కాదనను. కానీ బరువు దించడం మీద పడి ఏడవకండి. పారిస్ ఒలింపిక్స్‌లో మన కుస్తీవీరుడు అమన్ సెహ్రావత్ సెమీస్ ఓడిన రాత్రి పది గంటల్లో 4.6 కిలోలు దించాడు. మర్నాడు 57 కిలోల్లో కంచు పట్టుకొచ్చాడు. దొంగతనమంటారా దాన్ని? మీవాడు 55లోనే ఉంటే 60 నుంచి తగ్గి వచ్చినవాడు వాడి మొహం పగలగొడతాడు.

లంకలో మావయ్య:
గ్లోవ్స్ గారూ, కథ సగంలో ఆపేశారండి. అదే అమన్ 2025 సెప్టెంబరులో జాగ్రెబ్‌లో ప్రపంచ కుస్తీ పోటీల్లో 1.7 కిలోలు ఎక్కువ తూగి, ఒక్క కుస్తీ కూడా పట్టకుండా ఇంటికొచ్చాడు.

పారిస్‌లోనే కుస్తీ పట్టిన మన వినేశ్ ఫోగాట్ సంగతో? మామూలుగా 53లో ఆడే మనిషి 50కి దిగింది. అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరగని జపాన్ అమ్మాయి సుసాకిని మొదటి రోజే పడగొట్టింది. ఆ రాత్రంతా పరుగు, ఆవిరి గది, చివరికి జుట్టు కూడా కత్తిరించారు. 2024 ఆగస్టు 7 పొద్దున్న 100 గ్రాములు ఎక్కువ, ఫైనల్ ఆడనివ్వలేదు. 100 గ్రాములంటే మా కొట్లో వేరుశనగపప్పు పొట్లం.

చెరువుగట్టు (భీమవరం దగ్గర):
మాకు రొయ్యలతో అనుభవమండి ఇది. అవతలి దేశం ల్యాబ్‌లో నైట్రోఫ్యూరాన్ (నిషేధించిన యాంటీబయాటిక్) ఆనవాలు తగిలితే సరుకు వెనక్కి. రైతునడిగితే "నేనేం వేయలేదు, గ్రోత్‌కి మంచిదని షాపువాడిచ్చిన డబ్బా వేశా" అంటాడు. అబద్ధం కాకపోవచ్చు. ల్యాబ్‌కి అది అనవసరం.

ఆటగాళ్లకీ అంతే. రియో ఒలింపిక్స్ ముందు కుస్తీ ఆడే నర్సింగ్ యాదవ్ శాంపిల్‌లో మెథాండియెనోన్ అనే స్టెరాయిడ్ దొరికింది. తిండిలో ఎవరో కలిపారన్నాడు. ఇక్కడ నాడా (మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ) నమ్మి వదిలేసింది, అక్కడ క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు నమ్మలేదు. నాలుగేళ్లు నిషేధం. జిమ్‌లో మూత తీసిన డబ్బాలోంచి స్కూపుల లెక్కన అమ్మే పౌడరుంది చూశారా, తమ్ముడిని దాని జోలికీ పోవద్దనండి. 2023లో మన దేశంలో 5,606 శాంపిళ్లు పరీక్షిస్తే 213 పాజిటివ్. 5,000 పైన పరీక్షలు చేసిన దేశాల్లో మనదే పెద్ద శాతం. ఆ 213 మందీ దొంగలే అయ్యుంటారా? నాకైతే సగం మందిని షాపువాళ్లే ముంచారనిపిస్తుంది.

ఇంకో మాట. సంక్రాంతికి డేగ పుంజుకి బాదంపప్పు పెట్టి, బరువు చూసి, సరిజోడు కుదిరాకే బరిలో దించుతారు. పుంజుని ఎండబెట్టి దించినవాడు ఉన్నాడా? (కోడిపందెం నేరమని తెలుసండి, దాని మీద ఇక్కడ మొదలెట్టకండి.)

పాత గ్లోవ్స్:
పిల్లాణ్ని పుంజుతో పోలుస్తారా, ఆయ్!

చెరువుగట్టు:
పుంజుకి పెట్టినట్టు పెట్టమంటున్నానండి, అంతే.

డ్రిల్లు టీచరమ్మ (అమలాపురం):
కుర్రోడు అడిగినదానికి ఎవరూ సూటిగా చెప్పలేదు. వాడా ఒక వస్తువునో పద్ధతినో నిషేధించడానికి చూసేవి మూడు: ఆటలో లాభం చేస్తుందా, ఆరోగ్యానికి ముప్పా, ఆట స్ఫూర్తికి విరుద్ధమా. మూడింట్లో రెండుంటే చాలు. రెయిన్‌కోటు పరుగుని దాని పక్కన పెట్టి చూడండి. తనకన్నా చిన్నవాడితో తలపడే లాభం ఉంది, ముప్పు ఉంది. అయినా జాబితాలో లేదు. మాత్రయితే మూత్రంలో దొరుకుతుంది. దాహం దొరకదు. నా లెక్కలో తేడా అంతే, మీ కోచ్ చెప్పినంత గొప్ప నీతి అందులో లేదు.

ముప్పు ఉత్తి మాట కాదు. 1997లో అమెరికాలో ఇలాగే బరువు దించుతూ ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు నెలా పదిరోజుల లోపు చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించి, తూకాన్ని పోటీ దగ్గరకి జరిపారు. 2015లో వన్ చాంపియన్‌షిప్ అనే ఫైటింగ్ పోటీలకి బరువు దించుతూ యాంగ్ జియాన్ బింగ్ పోయాక వాళ్లు మూత్రం చిక్కదనం చూడటం మొదలుపెట్టారు, నీటితో పోలిస్తే 1.025 రెట్లు దాటితే ఆడనివ్వరు. అక్కడి వాళ్లకి పొడి గాలి ఉంటే చెమటైనా ఆరుతుంది. మన డెల్టా ఉక్కలో, అదీ ప్లాస్టిక్ లోపల, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

లంకలో మావయ్య:
ఆ చిక్కదనం చూసే మిషను మన దగ్గరికి ఎప్పుడొస్తుందో! నేను చూసిన ఒక మీట్‌కి తూకం మిషనే బియ్యం కొట్టు నుంచి తెచ్చారు.

పాత గ్లోవ్స్:
టీచర్ గారన్నది కాదనలేను. ఒకసారి నేనూ నాలుగు కిలోలు దించి ఎక్కాను. రెండో రౌండుకే పిక్కలు పట్టేశాయి. ప్రత్యర్థి కొట్టకుండానే ఓడానని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అయినా అందరూ దించుతుంటే ఒక్కడే దించకపోతే నష్టం వాడికే, ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే కుర్రోడి కోచ్ ఒకటి మర్చిపోయినట్టున్నాడు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో, యూఎఫ్‌సీ లాంటి డబ్బు ఫైటింగుల్లో తూకం ముందురోజు. రాత్రంతా తాగి తిని కోలుకుంటారు. మన అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఆడే రోజు పొద్దున్నే తూకం, ఎన్ని రోజులు ఆడితే అన్ని పొద్దులూ. ఐదు కిలోలు దించితే ఫైనల్ దాకా రోజూ ఎండుకుపోయే ఉండాలి. రెండు కిలోలు నెల ముందు నుంచి తిండి సర్దుకుని తగ్గించుకోవచ్చు. ఐదు తప్పే.

తణుకు కుర్రోడు:
కోచ్ గారితో మాట్లాడానండి. 50లో ఇంకో కుర్రాణ్ని తీసుకుంటానన్నారు, కోపంగానే. మావాడు 55లో. నాతో మాట్లాడట్లేదు. స్ట్రిప్ నా దగ్గరే ఉంది.

పాత గ్లోవ్స్:
55లో పొడుగువాళ్లు తగులుతారు. ఆదివారం కాకినాడ పంపండి, లోపలికి దూరి కొట్టడం నేర్పుతాను. అన్నం తిని రమ్మనండి.