డిస్టోపియా నవలల్లో (నియంతృత్వంలో నలిగే కల్పిత సమాజాల కథల్లో) అణచివేత కన్నా మనుషుల మధ్య రహస్య పొత్తులే ఎక్కువ భయపెట్టాయి, మీకెలా అనిపించింది? (స్పాయిలర్లు ఉన్నాయి)

చదువుల_వెన్నెల
ఆర్వెల్ నవల 1984 నిన్న రాత్రి రెండోసారి పూర్తి చేశా. మొదటిసారి చదివినప్పుడు టెలిస్క్రీన్లు (మనల్నే చూస్తూ, వింటూ ఉండే తెరలు), గోడల మీద పాలకుడు పెద్దన్న పోస్టర్లు, వాటికే భయపడ్డా. ఈసారి, పాలనని లోలోపల ద్వేషించే ప్రేమికులు విన్‌స్టన్, జూలియా, రహస్య తిరుగుబాటుదారు అని తాము నమ్మిన పెద్ద అధికారి ఓబ్రయన్ ఫ్లాట్‌కి వెళ్ళే సీను దగ్గర ఆగిపోయా. అతను లేచి స్విచ్ నొక్కి టెలిస్క్రీన్ ఆపేస్తాడు చూడండి, ఆ ఒక్క క్షణం నాక్కూడా ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ తర్వాతే ప్రశ్నలు మొదలు. ప్రాణాలిస్తారా, హత్య చేస్తారా, అవసరమైతే చిన్నపిల్లల మొహం మీద యాసిడ్ పోస్తారా అని అడుగుతుంటే విన్‌స్టన్ అన్నిటికీ సరే సరే అంటూ పోతాడు, మీరిద్దరూ విడిపోవాలి అంటే మాత్రం ఇద్దరూ కాదంటారు. మొదటిసారి ఈ పేజీ ఎలా దాటేశానో తెలీదు, ఎందుకంటే అప్పుడు నేను కూడా వాళ్ళతో పాటు మనసులో సరే అనుకుంటూ చదివా. చివర్లో ఓబ్రయన్ పాలకుల మనిషే అని తేలాక, జైల్లో అదే మాటల రికార్డింగ్ విన్‌స్టన్‌కే వినిపిస్తారు కదా, నువ్వు మాకంటే మంచివాడివి అనుకున్నావా అన్నట్టు. అది విన్‌స్టన్‌కే కాదు నాకూ తగిలింది, చాలాసేపు నిద్ర పట్టలేదు. మీకు ఇలాంటి అనుభవం ఏ పుస్తకంతో అయిందో రాయండి.

పాతపేజీ
నాకు ఆ పుస్తకంలో మనసులో నాటుకుపోయింది దుమ్ము. విన్‌స్టన్ డైరీ ఎవరైనా ముట్టుకుంటే తెలియాలని పైన చిన్న తెల్లటి దుమ్ము రేణువు పెట్టుకుంటాడు కదా, తర్వాత తెలుస్తుంది ఏడేళ్ళుగా వాణ్ణి గమనిస్తూనే ఉన్నారని, ఆ రేణువుని కూడా జాగ్రత్తగా మళ్ళీ అక్కడే పెట్టేవాళ్ళని. కొట్టడం, తిట్టడం కాదండీ, ఇది. మనం దాచుకున్నాం అనుకున్నది వాళ్ళు దాచనిచ్చారంతే. నాకు ఆ లైను దగ్గర ఒళ్ళు జలదరించింది.

మౌనరాగిణి
వెన్నెల గారూ, నాది మార్గరెట్ ఆట్‌వుడ్ హ్యాండ్‌మెయిడ్స్ టేల్, 1985లో వచ్చింది. టీవీ సిరీస్ కాదు, పుస్తకం గురించే చెప్తున్నా. అందులో పిల్లల్ని కనివ్వడానికే పెద్ద అధికారుల ఇళ్ళలో ఉంచే ఆడవాళ్ళకి (వాళ్ళే హ్యాండ్‌మెయిడ్లు) సొంత పేర్లు కూడా ఉండవు, యజమాని పేరు ముందు ఆఫ్ అని తగిలిస్తారు, జతలుగానే బయటికి వెళ్ళాలి, ఒకరి మీద ఒకరు నిఘా అన్నమాట. ఆఫ్‌ఫ్రెడ్, ఆఫ్‌గ్లెన్ ఇద్దరూ రోజూ కలిసి నడుస్తారు, నేర్పించిన మాటలే మాట్లాడుకుంటారు, ఇవతలి మనిషేమో అవతలామె పరమ భక్తురాలు అనుకుంటుంది. ఒకరోజు ప్రార్థనలు అచ్చుకొట్టే మెషిన్ల షాపు ముందు నిలబడి అద్దంలో ఒకరినొకరు మొదటిసారి కళ్ళలోకి చూసుకుంటారు, అప్పుడు ఆఫ్‌గ్లెన్ అడుగుతుంది, దేవుడు ఈ మెషిన్లని వింటాడంటావా అని. ఆ ప్రశ్నే రాజద్రోహం. ఆఫ్‌ఫ్రెడ్ అరవొచ్చు, పారిపోవచ్చు, పట్టించేయొచ్చు. లేదు అంటుంది. ఇన్నాళ్ళూ పక్కనే నడిచిన మనిషి మనదే అని తెలిసిన ఆ క్షణం చదువుతుంటే ఏడుపొచ్చేసింది నాకు.

కానీ అసలు దెబ్బ తర్వాత ఉంది. ఒకరోజు ఆఫ్‌గ్లెన్ స్థానంలో వేరే ఆమె వస్తుంది, పేరు మాత్రం అదే. తనని పట్టుకెళ్ళే వ్యాను రావడం చూసి పాత ఆమె ఉరేసుకుందని చెప్తుంది. అది విని ఆఫ్‌ఫ్రెడ్‌కి ముందు కలిగేది ఏడుపు కాదు, హమ్మయ్య అన్న నిశ్చింత, ఎందుకంటే ఇక తన పేరు బయటికి రాదు. నాక్కూడా హమ్మయ్య అనే అనిపించింది, వెంటనే సిగ్గేసింది. రచయిత్రి నన్ను కూడా ఆ దేశంలోకి లాగేసిందని అప్పుడు అర్థమైంది.

నిప్పుకణిక
నేను కొంచెం వేరేగా చెప్తా, ఏమనుకోకండి. మీరంతా పొత్తు అంటే మంచి పక్షం, మోసపోయిన పక్షం అన్నట్టు చూస్తున్నారు, నాకు కోపం వచ్చింది మంచి పక్షం మీదే. హంగర్ గేమ్స్ రెండో భాగం, క్యాచింగ్ ఫైర్ 2009. రాజధాని పాలకులు డిస్ట్రిక్టుల నుంచి మనుషుల్ని తెచ్చి అరీనాలో చచ్చేదాకా పోరాడిస్తారు, కథానాయిక కాట్నిస్ వాళ్ళలో ఒకతి. కాట్నిస్‌ని ఆ అరీనా నుంచి తప్పించడానికి సగం మంది ఆటగాళ్ళు, ఆఖరికి ఆట నడిపించే ప్లూటార్క్‌తో సహా కూడబలుక్కుని ఉంటారు, లోపలికి పంపే రొట్టెల్లో కూడా తప్పించే సమయానికి సంకేతం, ఏ డిస్ట్రిక్ట్ రొట్టె వస్తే అన్నో రోజు, ఎన్ని వస్తే అన్నో గంట, 3వ డిస్ట్రిక్ట్ నుంచి 24 వస్తాయి. తెలివైన ప్లానే, మొదటిసారి చదివి ఆహా అనుకున్నా. కానీ ఎవరి కోసం ఇదంతా చేశారో ఆ పిల్లకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. తోటి ఆటగాడు పీటా శత్రువుల చేతికి చిక్కాడని తన గురువు హేమిచ్ చెప్తే ఆమె ఆ హేమిచ్ మొహం రక్కేస్తుంది, నేనైనా అదే చేసేదాన్ని. రాజధాని ఆమెని పావులా వాడుకుంది, వీళ్ళూ పావులానే వాడుకున్నారు. మూడో భాగంలో తిరుగుబాటు నాయకురాలు కాయిన్ సంగతి చదివాక నా కోపం తప్పు కాదని తేలిపోయింది.

పాతపేజీ
@నిప్పుకణిక చెప్తే పట్టుబడి నోరు జారుతుందని భయం కదా. తెలియని మనిషి చెప్పలేదు. నిజంగా అలాంటి పాలనలో బతికేవాళ్ళకి వేరే దారి లేదేమో.

నిప్పుకణిక
అన్నా, ఆ లాజిక్ నాకూ తెలుసు. కానీ ఆ నీకు తెలియకపోవడమే మంచిది అన్న మాట రాజధాని వాళ్ళు కూడా అచ్చం అలాగే అంటారు, అదే నా బాధ.

తొలకరి_88
ఎప్పుడూ చదివి వెళ్ళిపోతా, ఈరోజు రాయాలనిపించింది. నేను చేసిన మొదటి ఉద్యోగంలో ప్రతి సీటు పైనా కెమెరా, చాట్లు మేనేజర్లు చదువుతారని అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఎవరితో మనసు విప్పేవాళ్ళు కాదు. జీతం అన్యాయంగా కోశారని నాకు మండిపోతుండేది, పక్క సీటు అక్కకి కూడా కోశారో లేదో అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆమె మేనేజర్‌కి దగ్గర అనుకునేవాళ్ళం. చివరికి చేతులు కడుక్కునే చోట కుళాయి పూర్తిగా తిప్పి, నీళ్ళ చప్పుడులో, అద్దంలోకి చూస్తూ అడిగా. ఆమె నా వైపు తిరగకుండానే, నాకూ కోశారమ్మా, నేనూ నీ గురించి భయపడే అడగలేదు అంది. నియంతృత్వంతో పోల్చేంత పెద్ద విషయం కాదని నాకు తెలుసు. కానీ మౌనరాగిణి గారు రాసిన షాపు అద్దం సీను చదవగానే నాకు ఆ కుళాయి చప్పుడు వినిపించింది.

మౌనరాగిణి
తొలకరీ, చిన్న విషయం అనకు. రాసినందుకు థాంక్స్ రా.

చదువుల_వెన్నెల
మీ అందరివీ చదివాక మళ్ళీ 1984 తీశా. వరండాలో జూలియా కిందపడి, లేపుతుంటే విన్‌స్టన్ చేతిలో చీటీ పెట్టే చోటు. వాడు దాన్ని వెంటనే విప్పడు, టెలిస్క్రీన్ చూస్తుంటుంది కదా, సీట్లో కూర్చుని మిగతా కాగితాల్లో కలిపేసి పని చేస్తున్నట్టు ఉండిపోతాడు. ఆ చీటీ ఇచ్చినామె పోలీసుల మనిషి అయ్యే అవకాశమే ఎక్కువని వాడి లెక్క. లోపల ఉన్నది ప్రేమ మాట. అదీ నిజమైనదే, జూలియా నకిలీ కాదు. నకిలీ అని వాడు గట్టిగా అనుమానించనిది నిజంగా నకిలీ అయిన ఓబ్రయన్‌ని. నిన్న రాత్రి నాకు ఇది తట్టలేదు. తొలకరీ, ఆ అక్క ఇప్పటికీ టచ్‌లో ఉందా?

తొలకరి_88
ఉంది అక్కా. ఇద్దరం వేరే వేరే చోట్ల చేస్తున్నాం ఇప్పుడు. ఈ థ్రెడ్ లింక్ ఆమెకే పంపా ఇందాక.